విజయపురి ఆడపడుచులు

నాగార్జునసాగర్ వచ్చేవాళ్లలో చాలామంది డ్యామ్ చూసి, లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్లి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. మేం దర్శనానికే వెళ్లాం. మా మేనత్తకు బుద్ధుడంటే చాలా భక్తి, ఆవిడకు తోడుగా నేను. విజయపురి సౌత్‌లో లాంచీ కదలగానే అత్త నీళ్లకేసి దణ్ణం పెట్టింది. అసలు క్షేత్రం ఉన్నది ఆ నీళ్ల కిందే మరి. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. 1926లో దాని ఆనవాళ్లు బయటపడ్డాయి. డ్యామ్ వస్తుందని తేలాక 1954 నుంచి 1960 దాకా తవ్వగలిగినంత తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ ఒడ్డున ఉన్న అనుపుకీ తరలించి మళ్లీ నిలబెట్టారు.

మహాచైత్యం, అంటే పెద్ద బౌద్ధ స్తూపం దగ్గరకు వెళ్లేసరికి ఎండ ముదిరింది. పై గుమ్మటం లేదు. అడుగున ఇటుక గోడలు బండిచక్రం ఆకుల్లా మధ్యలోంచి చుట్టూ పరుచుకుని ఉంటాయి. వ్యాసం 106 అడుగులు. అత్త చెప్పులు పక్కన పెట్టి, "బుద్ధం శరణం గచ్ఛామి" అనుకుంటూ మెల్లగా ప్రదక్షిణ మొదలుపెట్టింది. పక్కనే ఒక గైడ్ ఇంకో గుంపుకు "ఇది ఇక్ష్వాకు రాజులు కట్టించిన స్తూపం" అని చెప్పి ముందుకు నడిచాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ స్తూపానికి నాలుగు దిక్కులా ఐదేసి చొప్పున నిలిపిన ఆయక స్తంభాల మీద శాసనాలున్నాయి. వాటిలో దాతలుగా కనిపించేది దాదాపు అందరూ ఆడవాళ్లే.

అందరిలో ముందు చెప్పుకోవాల్సింది చాంతిసిరి గురించి. ఇక్ష్వాకు రాజ్యాన్ని నిలబెట్టిన చాంతమూలుడికి ఆవిడ తోడబుట్టినది. ఆయన అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసినవాడు, మహాసేనుడి, అంటే కుమారస్వామి భక్తుడు. ఆ ఇంటి ఆడపడుచు మాత్రం బుద్ధుడి స్తూపానికి స్తంభం ఎత్తించింది. ఆయన కొడుకు వీరపురుషదత్తుడి ఏలుబడిలో ఆరో ఏడు, వర్షకాలం ఆరో పక్షం, పదో రోజు అని తేదీ కూడా చెక్కించారు. భదంత ఆనందుడనే భిక్షువు పర్యవేక్షణలో మహాచైత్యం పని పూర్తయింది. బడిలో మాకు చాంతమూలుడి అశ్వమేధం గురించి చెప్పారు. ఆయన తోబుట్టువు పేరు ఎవరూ చెప్పలేదు.

వీరపురుషదత్తుడికి చాంతిసిరి మేనత్త. తర్వాతి శాసనంలో ఆయన్ని అల్లుడని చెప్పుకుంది. ఈ మాట చెప్పగానే అత్త ఆగిపోయి, "అయితే మనలాగే మేనరికమేరా!" అంది. ఆవిడ ముఖంలో సంతోషం చూడాలి. ఈ దానం వల్ల వచ్చే పుణ్యం తన ఉభయ కులాల్లో గడిచిపోయినవాళ్లకూ, ఇప్పుడున్నవాళ్లకూ, పుట్టబోయేవాళ్లకూ చెందాలని చాంతిసిరి రాయించిందని కూడా చెప్పాను. అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పుట్టింటికీ అత్తింటికీ ఇద్దరికీ పెట్టింది, మహాతల్లి" అంది. మిగతా ప్రదక్షిణ అంతా "చాంతిసిరమ్మ" అని కూడా తలుచుకుంటూనే చేసింది.

రాజుగారి ఇంటి ఆడవాళ్లు కాబట్టి డబ్బుంది, ఇచ్చారు అని కొందరు తేలిగ్గా తీసేస్తారు. ఉజ్జయిని రాజకుమారి రుద్రధర భట్టారిక ఒక స్తంభం, 170 దీనార మాషకాలనే నాణేలు ఇచ్చింది. ఆవిడ విషయంలో ఆ మాట కొంత నిజమే కావచ్చు. కానీ బోధిసిరి మాటేమిటి? ఆవిడ రాణి కాదు, ఒక ఉపాసిక, అంటే ఇంట్లో ఉంటూనే బుద్ధుణ్ణి కొలిచే భక్తురాలు. వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట సింహళ భిక్షువుల కోసం చుల్లధమ్మగిరి మీద చైత్యగృహం, అంటే స్తూపం ఉండే పూజామందిరం కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, తామ్రపర్ణి దాకా ధర్మాన్ని తీసుకెళ్లిన ఆచార్యులని వాళ్లను ఆ శాసనం కీర్తిస్తుంది. అక్కడితో ఆగలేదు. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, పూర్వశైలంలో చెరువు, వసారా, మంటపం, పాపిలలో ఏడు గదులు, పుష్పగిరిలో రాతి మంటపం, కంటకసోలలో మహాచైత్యం తూర్పు వాకిట ఇంకో రాతి మంటపం. కంటకసోల అంటే ఇప్పటి మన ఘంటసాలే. ఇన్ని ఊళ్లలో రాయి తెప్పించాలి, వడ్డెవాళ్లను, శిల్పులను కుదర్చాలి, ఏ సంఘానికి ఏం అవసరమో తెలుసుకోవాలి. వట్టి దాత అని పక్కన పెట్టేస్తే ఆ పనంతా కనిపించకుండా పోతుంది. ఆ కాలానికి ఆవిడే ఒక సంస్థ అని నా నమ్మకం.

మ్యూజియంలో చాలాసేపు ఉన్నాం. చాంతమూలుడు పోయాక ఆయన జ్ఞాపకంగా నిలిపిన ఛాయాస్తంభం సంగతి కూడా అత్తకు చెప్పాను. దాన్ని ఎత్తించింది కూడా తల్లులు, అక్కచెల్లెళ్లు, భార్యలే. అశ్వమేధం చేసిన రాజు జ్ఞాపకాన్ని మనదాకా తెచ్చింది కూడా వాళ్లే అన్నమాట.

తిరిగొచ్చాక అనుపు వెళ్లాం. మెట్ల రంగస్థలాన్ని అందరూ చూస్తారు. దగ్గర్లోనే హారీతి గుడి ఉంది. పిల్లల్ని ఎత్తుకెళ్లే యక్షిణి బుద్ధుడి మాట విని పిల్లల్ని కాపాడే తల్లి అయిందని ఆవిడ కథ. అక్కడ అత్త మనవరాలి పేరు చెప్పి మొక్కుకుంది.

కార్తీకంలో అమరావతి వెళ్దామనుకుంటున్నాం. అక్కడి రాళ్లు చాలావరకు చెన్నై, లండన్ మ్యూజియాలకు చేరాయి. అయినా ఆ శాసనాల్లో భిక్షుణుల పేర్లు, గృహిణుల పేర్లు చదివి పుస్తకాలకెక్కించారు. వాటిని నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసివ్వమని అత్త ఇప్పటికే పురమాయించింది. కళ్లజోడు లేకుండా చదవగలగాలట, ప్రదక్షిణ చేస్తూ ఒక్కొక్కరి పేరూ పైకే చదువుతుందట.