ఆ మయామీ ఆయన

సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు చదువు గురించే రాద్దామని కూర్చున్నాను. రెండున్నరేళ్ళు చదివిన థర్మోడైనమిక్స్‌లో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. గుర్తొచ్చిందల్లా 2007 జనవరి 3న టస్కలూసాలో మా ఇంటి ఓనరు గారి హాలు, ఆవిడ టీవీ, అందులో మా ఊళ్ళో దిగుతున్న కొత్త అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్.

ఆ ఊళ్ళోని యూనివర్సిటీ ఆఫ్ అలబామాలో నేను చేరింది 2006 ఆగస్టులో. ఆవిడ ఇంటి వెనక వాటాలో నలుగురం తెలుగు కుర్రాళ్ళం ఉండేవాళ్ళం. మొదటి ఫుట్‌బాల్ శనివారం నాకు ఆట గురించి ఏమీ తెలియదు. క్యాంపస్ మధ్య మైదానం క్వాడ్ నిండా డేరాలు, కాల్చిన మాంసం వాసన, కనపడిన ప్రతివాడూ "రోల్ టైడ్" అని టీమ్ నినాదం అనడం. మనం నమస్కారం అన్నట్టు అంటున్నారు కదా అని నేనూ అనేశాను. రోడ్లు మూసేశారు. బియ్యం బస్తా చెరో కాసేపు భుజాన వేసుకుని రెండు మైళ్ళు నడిచి ఇల్లు చేరాం.

ఆ ఏడాది నవంబరులో మా యూనివర్సిటీ టీమ్ కోచ్ మైక్ షూలాని తీసేశారు. ఆబర్న్ చేతిలో టీమ్ వరసగా ఐదో ఏడు ఓడిపోయింది మరి. ఆబర్న్ అంటే అదే రాష్ట్రంలో ఇంకో యూనివర్సిటీ. అలబామాలో ఒక కుటుంబం ఎటువైపో తెలియకుండా మాట కలపకూడదని సీనియర్ అన్న ముందే చెప్పాడు. తర్వాత నెలకు పైగా కోచ్ లేడు. వెస్ట్ వర్జీనియా కోచ్ రిచ్ రోడ్రిగెజ్‌ని అడిగితే రానన్నాడు. పెళ్ళిచూపులకు వచ్చినవాడు వద్దని వెళ్ళిపోయినట్టు ఊరు ఊరంతా మొహాలు పెట్టుకుంది.

అందరి కళ్ళూ మయామీ డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ టీమ్ కోచ్ నిక్ సేబన్ మీద. ఆయనేమో డిసెంబరు 21న, తాను అలబామాకు కోచ్‌గా వెళ్ళడం లేదని విలేకరుల ముందు తేల్చి చెప్పాడు. సరిగ్గా పదమూడు రోజులకు టస్కలూసా విమానాశ్రయంలో దిగాడు.

సెలవులు కావడంతో ఊళ్ళో మిగిలిన విద్యార్థులు దాదాపు మనవాళ్ళే. ఓనరు గారు పిలిచి కూర్చోబెట్టారు. టీవీలో విమానం దిగింది, కంచె పక్కన జనం అరుస్తున్నారు, ఒకావిడ గబుక్కున వెళ్ళి ఆయన్ని పట్టుకుని ముద్దు పెట్టేసింది. ఆ మనిషి మొహంలో మాత్రం నవ్వు లేదు, బ్యాంకు పని మీద వచ్చినవాడిలా ఉన్నాడు. 8 ఏళ్ళకు 3 కోట్ల 20 లక్షల డాలర్లట. మేం నలుగురం అప్పటికప్పుడు రూపాయల్లోకి మార్చాం: 140 కోట్లు! మా గైడు మర్నాడు తన జీతంతో భాగించి చూసుకున్నట్టున్నాడు, రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఓనరు గారు చప్పట్లు కొట్టలేదు. "మయామీ వాళ్ళకి అబద్ధం చెప్పినవాడు రేపు మనకీ చెప్తాడు" అన్నారు. అప్పట్నించి ఆవిడ నోట ఆయన పేరు లేదు. "ఆ మయామీ ఆయన", అంతే.

ఆవిడకి డెబ్భై దాటాయి. షోకేసులో మూత తీయని కోక్ సీసా ఒకటుండేది, మీద గళ్ళ టోపీతో అలబామా పాత కోచ్ బేర్ బ్రయంట్ బొమ్మ. 1981లో ఆబర్న్‌పై గెలిచి 315 విజయాల రికార్డు కొట్టిన గుర్తుగా కంపెనీ అమ్మిన సీసా. బ్రయంట్ 1958 నుంచి 1982 దాకా 25 సీజన్లు కోచ్, 6 జాతీయ టైటిళ్ళు. చివరి మ్యాచ్ అయిన నెల లోపే పోయాడు. ఆవిడ "కోచ్" అంటే ఆయనే. మిగతావాళ్ళు ఉద్యోగులు. బ్రయంట్ తర్వాత వచ్చినవాళ్ళను వరసగా ఏకరువు పెట్టేవారు. పెర్కిన్స్ అట్లా, కర్రీ ఇట్లా. కర్రీ ఒక మ్యాచ్ ఓడిపోతే ఎవరో ఆయన కిటికీలోంచి ఇటుక విసిరారట. "ఇటుక తప్పు" అని కాస్త ఆగి, "ఓడిపోవడమూ తప్పే" అనేవారు. స్టాలింగ్స్ ఒక్కడికే పాస్ మార్కులు, 1992 టైటిల్ తెచ్చాడు కాబట్టి. 2003లో మైక్ ప్రైస్ అయితే ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండానే పోయాడు.

ఏప్రిల్‌లో ఏ-డే వచ్చింది. సొంత టీమ్‌నే రెండు ముక్కలు చేసి ఆడించే ప్రాక్టీస్ ఆట అది, లెక్కలోకి రాదు. "టికెట్ ఎంత అన్నా?" అంటే "ఫ్రీ రా" అన్నాడు సీనియర్. ఫ్రీ అన్నాక వెళ్ళకపోతే బాగోదు. స్టేడియం మొత్తం నిండింది, 92,138 మంది. ప్రాక్టీసుకు! అదే నెల మొదట్లో మన క్రికెట్ కోచ్ గ్రెగ్ చాపెల్ రాజీనామా చేశాడు, ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్, శ్రీలంక చేతుల్లో ఓడి మొదటి దశలోనే ఇంటికొచ్చాక. ఆయనొచ్చినప్పుడూ మేం ఎగిరి గంతేసినవాళ్ళమే. ఆ అరుపుల మధ్య కూర్చుని, ఇంకో రెండేళ్ళకు వీళ్ళేమంటారో చూద్దాం అనుకున్నాను.

రెండేళ్ళు అక్కర్లేకపోయింది. 2007 సీజన్ ఆరు గెలిచి రెండు ఓడి బాగానే నడిచింది. నవంబరులో వరసగా నాలుగూ పోయాయి. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చేతిలో ఓడితే ఊరుకున్నారు, అది ఆయన పాత టీమే, 2003లో టైటిల్ తెచ్చిపెట్టింది ఆయనే. కానీ లూసియానా-మన్రో! 21-14. పేరు కూడా ఎవరూ పట్టించుకోని చిన్న టీమ్ మన ఊరొచ్చి, మన స్టేడియంలో కొట్టింది. ఆ ఓటమి గురించి మాట్లాడుతూ సేబన్ సెప్టెంబరు 11నీ పెర్ల్ హార్బర్‌నీ ఎత్తాడు. అది ఇంకో గొడవ. ఏ-డేకి మమ్మల్ని కార్లో తీసుకెళ్ళిన లోకల్ లాబ్‌మేట్ "140 కోట్లు నేను తీసుకున్నా ఈ మాత్రం ఓడించేవాణ్ణి" అన్నాడు, మా రూపాయల లెక్కలోనే. వారం తర్వాత ఆబర్న్ కూడా కొట్టింది. ఆరో ఏడు.

ఓనరు గారు మాత్రం ఆశ్చర్యంగా తిట్టలేదు. మొదట్నించీ నమ్మలేదు కాబట్టి మోసపోయిన బాధ లేదనుకుంటాను. ఎగిరినవాళ్ళే ఎక్కువ తిట్టారు.

నా చివరి సెమిస్టరు 2008 శరత్కాలం. మ్యాచ్ తర్వాత మ్యాచ్ గెలుస్తున్నారు, ఆవిడ అయినా "మయామీ ఆయన" అనే అంటున్నారు. నవంబరు 29, ఆబర్న్. నాకు ఫైనల్స్ టెన్షన్, అయినా ఆవిడ హాల్లోనే కూర్చున్నాను. 36-0. ఆట అయిపోయాక ఆవిడ టీవీ సౌండు తగ్గించి, లేచి వంటింట్లోకి వెళ్తూ, ఎవరితోనో చెబుతున్నట్టు, "కోచ్ సేబన్ డిఫెన్స్ బాగా ఆడించాడు" అన్నారు.

నేను గబుక్కున మా వాళ్ళ వైపు చూశాను. ఎవరూ గమనించలేదు, పిజ్జా పంచుకుంటున్నారు.

తర్వాతి సంగతులు మీకు తెలిసినవే. 2009లో 14 మ్యాచ్‌లకు 14, టైటిల్. 2011లో స్టేడియం ముందు పాత కోచ్‌ల నాలుగు విగ్రహాల పక్కన ఐదోది, సేబన్‌ది. మొత్తం 17 సీజన్లు, అలబామాకు 6 టైటిళ్ళు, బ్రయంట్‌తో సమానం. 2024 జనవరి 10న రిటైరయ్యాడు. రెండు రోజులకే సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి కేలన్ డిబోర్‌ని తెచ్చారు. విమానాశ్రయం దగ్గర మళ్ళీ జనం. ఈసారి నేను డాలస్‌లో మా అబ్బాయి ట్యాబ్‌లో చూశాను.

ఓనరు గారు అప్పటికి లేరు. కోక్ సీసా మనవడి దగ్గరుంది. మేం ఉన్నప్పుడు ఆరేళ్ళ పిల్లాడు, వరండాలో మా చెప్పులు దాచేవాడు. ఆ ఏడాది అక్టోబరు 5న అలబామా వాండర్‌బిల్ట్ చేతిలో 40-35తో ఓడిపోయిన రాత్రి వాడికి ఫోన్ చేశాను, ఎలా ఉన్నావని. ముందు వారమే జార్జియాను కొట్టింది మన అలబామా టీమే.

"ఏముంది, ఆ సియాటిల్ ఆయన మునుగుతాడు, మమ్మల్నీ ముంచుతాడు" అన్నాడు.