వేడినీళ్లు ఎప్పుడొస్తాయని అమ్మ ఏఐని అడిగింది

జనవరిలో ఒక శనివారం పొద్దున అమ్మ తలంటు పోసుకుంటోంది. తల నిండా కుంకుడు రసం. ఉన్నట్టుండి షవర్‌లో నీళ్లు మంచుగడ్డల్లా అయిపోయాయి. బయట మైనస్ 17. "ఒరేయ్, గీజర్ ఎందుకు కట్టేశావ్?" అని లోపల్నుంచి ఒకటే కేక. కట్టేయడానికి మా ఇంట్లో గీజరే లేదు.

మేముండేది దక్షిణ ఫిన్లాండ్‌లో. ఇక్కడి పట్టణాల్లో చాలా అపార్ట్‌మెంట్లకు సొంత బాయిలర్ ఉండదు. ఎక్కడో ప్లాంటులో నీళ్లు కాచి, భూమిలో వేసిన గొట్టాల ద్వారా ఊరంతా తిప్పుతారు. ప్రతి బిల్డింగ్ కింద ఒక చిన్న గదిలో ఆ వేడి మా కుళాయి నీళ్లకూ, గోడలకున్న రేడియేటర్లకూ ఎక్కుతుంది. దీన్ని కౌకోల్యాంపో అంటారు. మాటకు మాట చెప్పాలంటే దూరపు వేడి. ఆ గొట్టాల నీళ్లు మన కుళాయిలోకి రావు. లీకైతే కనబడాలని వాటిలో ఆకుపచ్చ రంగు కలుపుతారు. ఆ రోజు పాలకని బయటికెళ్తే వీధి మలుపులో తవ్విన గుంత, పక్కన తెల్లటి మంచు మీద గోరింటాకు ముద్ద ఒలికినట్టు పచ్చటి మరక. సంగతి అప్పుడర్థమైంది.

నేను ఇంటికొచ్చేసరికి అమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని ఫోన్‌లో ఏఐ అసిస్టెంట్‌ని అడుగుతోంది. వంటలకీ, మందుల పేర్లకీ దానితో తెలుగులో మాట్లాడటం అప్పటికే అలవాటు. "మా ఇంట్లో వేడినీళ్లు ఎప్పుడొస్తాయి?" అంటే గీజర్ స్విచ్ చూసుకోమంది. సరఫరా కంపెనీ సైట్‌లో మ్యాప్ ఉంది, ఏ వీధిలో ఆగిందో, ఎప్పటికి వస్తుందో అందులో ఉంటుంది. కానీ అది అమ్మ చదవగలిగే భాషలో లేదు. ఈ రెంటినీ కలిపేస్తే పోలా అనిపించింది. ఒక ఆదివారం పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

అసిస్టెంట్‌కి బయటి సమాచారం అందించడానికి ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) అని ఒక పద్ధతి ఉంది. ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ 2024 నవంబరులో బయటపెట్టింది, ఎవరైనా వాడుకోవచ్చు. మనం ఒక చిన్న ప్రోగ్రాం రాసి, దాని పేరేంటో, ఏం చేస్తుందో, ఏం ఇవ్వాలో మామూలు మాటల్లో వివరిస్తాం. అసిస్టెంట్ ఆ వివరణ చదివి, ఎప్పుడు పిలవాలో తనే తేల్చుకుంటుంది. అందుకే కోడ్ కంటే ఆ నాలుగు వాక్యాలనే నేను ఎక్కువసార్లు తిరగరాశాను.

సైట్‌లో మ్యాప్ ఏ చిరునామా నుంచి డేటా తెచ్చుకుంటోందో బ్రౌజర్‌లో ఇట్టే తెలిసిపోయింది. "లాగేసుకో, ఎవడు చూస్తాడు" అన్నాడు ఆఫీసులో ఫ్రెండు. నేను మాత్రం కంపెనీకి మెయిల్ పెట్టాను. రెండు రోజులకు జవాబొచ్చింది. వాడుకోండి, అయిదు నిమిషాలకు ఒకసారి మించి అడక్కండి అని. మా ఇంటి అడ్రస్ కూడా ఎక్కడికీ పంపనక్కర్లేదు. జాబితా మొత్తం తెచ్చుకుని, మా వీధిని నా దగ్గరే వెతుక్కుంటే సరి.

మొదటి సాయంత్రమంతా ఒక్క ప్రింట్ వాక్యానికి బలైంది. కంప్యూటర్‌లోనే నడిపినప్పుడు ప్రోగ్రాం తెర మీదికి పంపేదంతా అసిస్టెంట్‌కే వెళ్తుంది, అందులో జేసన్ అనే నిర్ణీత రూపంలో ఉన్న సందేశాలు తప్ప ఇంకేం ఉండకూడదు. నేనేమో "డేటా వచ్చింది" అని ప్రింట్ చేయిస్తున్నా. కనెక్షన్ తెగిపోతూనే ఉంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పదేళ్లుగా పని చేస్తున్నానని చెప్పుకోవడానికే సిగ్గేసింది.

తర్వాత వీధి పేర్లు. ఫిన్నిష్‌లో వీధి కతు, వీధిలో అంటే కదుల్ల. చివర విభక్తి చేరడమే కాదు, లోపలి అక్షరం కూడా మారిపోతుంది. మన ఇల్లు ఇంట్లో అయినట్టూ, ఊరు ఊళ్లో అయినట్టూ అన్నమాట. నోటీసులో వీధి పేరు వాక్యం మధ్యలో ఉంటే నా వెతుకులాటకు దొరికేది కాదు. పైగా ఈ ప్రాంతంలో ఒకే వీధికి ఫిన్నిష్ పేరొకటి, స్వీడిష్ పేరొకటి. తెలుగువాణ్ణి కాబట్టి మొదటిది తొందరగానే తట్టింది, రెండోదానికి పట్టిక తయారు చేసుకున్నాను.

టైముతో ఇంకో తంటా. డేటాలో గంటలు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉన్నాయి, చలికాలంలో ఇక్కడి టైము దానికి రెండు గంటలు ముందు. ఆరింటికి రావాల్సినదాన్ని అసిస్టెంట్ నాలుగింటికని చెప్పేసింది. నాలుగుంపావుకి అమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

అసలు తప్పు మాత్రం ఇవేవీ కావు. ఒక సాయంత్రం కుళాయి మళ్లీ చల్లబడింది. అమ్మ అడిగింది. "మీ వీధిలో ఎలాంటి అంతరాయమూ లేదు" అని అసిస్టెంట్ ధీమాగా చెప్పింది. పాపం, కుళాయి తనే అటూ ఇటూ తిప్పి పాడుచేశాననుకుంది అమ్మ. నేనొచ్చి చూస్తే, డేటాలో ఒక కాలమ్ పేరు మారింది. నా ప్రోగ్రాం అక్కడ తడబడింది. తడబడితే ఖాళీ జాబితా ఇవ్వమని రాసింది నేనే. ఖాళీ జాబితా చూస్తే అసిస్టెంట్‌కి సమస్య లేదనే కదా అర్థం! సమాచారం అందకపోవడమూ, అంతరాయం లేకపోవడమూ ఒకటే అయిపోయాయి. ఏఐ అబద్ధాలాడుతుందని అందరం తిట్టుకుంటాం. ఈసారి అబద్ధం నేర్పింది నేను.

ఆ రాత్రి జవాబుల్ని విడగొట్టాను. అంతరాయం ఉంటే వివరాలు, ఎన్నింటికి అందిన సమాచారమో, వచ్చే టైము అంచనా మాత్రమేనన్న మాట. డేటా అందకపోతే తెలియదనే చెప్పి, కంపెనీ ఫాల్ట్ నంబర్ ఇవ్వాలి. జాబితాలో నిజంగానే ఏమీ లేకపోతే ఇంకో ముక్క కలపాలి. బిల్డింగ్ కింద పంపు ఆగినా ఇల్లు చల్లబడుతుంది, అది కంపెనీ మ్యాప్‌లో కనబడదు. అప్పుడు ఫోన్ చేయాల్సింది బిల్డింగ్ మెయింటెనెన్స్ వాళ్లకి. చివర్లో ప్రోగ్రాంని ఒక చిన్న సర్వర్ మీదికి ఎక్కించాను, అమ్మ వాడేది ఫోనే కాబట్టి.

ఫిబ్రవరిలో మరోసారి లీకైంది. అమ్మ అడిగితే అసిస్టెంట్ ఇలా చెప్పింది: "రాత్రి 7:40కి అందిన సమాచారం. మీ వీధిలో గొట్టం రిపేరు జరుగుతోంది. పదింటికి రావచ్చని అంచనా, మారవచ్చు." వచ్చింది పదకొండు దాటాక. అమ్మ పదిన్నరకే కెటిల్‌లో నీళ్లు కాచుకుని, మొహం కడుక్కుని పడుకుంది.

ఏప్రిల్‌లో అమ్మ రాజమండ్రి వెళ్లిపోయింది. నా ప్రోగ్రాంని అసిస్టెంట్‌కి కలిపే ఆ కనెక్టర్‌ని ఫోన్‌లోంచి తీసేయమంటే తీయలేదు. మొన్న సర్వర్ లాగ్ చూస్తే రాత్రి మూడున్నరకు ఒక ప్రశ్న ఉంది. రాజమండ్రిలో అప్పుడు పొద్దున్న ఆరు. మా వీధిలో వేడినీళ్లు వస్తున్నాయా అని కాఫీ తాగుతూ అడిగిందట.