కాచి చల్లార్చిన నీళ్లు

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని మా ఊరిలో, మా ఇంటి వాకిట్లో, వేపచెట్టు నీడ మధ్యాహ్నం దాకా పడే చోట ఒక నులక మంచం ఉండేది. అది అమ్మ మంచం. నేను నాలుగో తరగతికి వచ్చేనాటికే అమ్మ నడుము వంగడం మానేసింది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. మోచేతులు సగం మడతలోనే బిగిసిపోవడంతో చెయ్యి తల దాకా పోయేది కాదు. నా ఈడు పిల్లలకు వాళ్ల తల్లులు జడలు వేస్తుంటే, నేను మా అమ్మకు నూనె రాసి, చిక్కు తీసి, కొప్పు ముడిచి, ఆ తర్వాత నా జడ నేనే అల్లుకొని బడికి పోయేదాన్ని.

అమ్మను మంచం మీంచి లేపడానికి ఒక పద్ధతి ఉండేది. అది నాకెవరూ నేర్పలేదు. చేతులు పట్టి లాగితే భుజాలు నొచ్చి అరిచేది కాబట్టి, ముందు రెండు మోకాళ్లనూ కలిపి నా వైపుకు తిప్పి, మనిషిని మెల్లగా పక్కకు ఒత్తిగిల్లజేసి, కాళ్లు మంచం పట్టె మీంచి కిందికి జారుతుండగానే మెడ కింద చెయ్యి పెట్టి ఎత్తాలి. కాళ్ల బరువు కిందికి దిగే ఊపులోనే నడుము పైకి లేస్తుంది. ఆ ఊపు తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. తొమ్మిదేళ్ల పిల్లకు నలభై ఐదు కిలోల మనిషిని లేపే బలం ఎక్కడి నుంచి వచ్చిందని ఇప్పుడు ఎవరైనా అడిగితే, నాది బలం కాదని, పదేపదే తప్పి నేర్చుకున్న ఉపాయమని చెబుతాను.

నాయిన హైదరాబాదులో కట్టడం పనులకు పోయేవాడు, పదిహేను రోజులకో నెలకో వచ్చేవాడు. నాకంటే రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు ఉండేవాడు కానీ, వాడు మగపిల్లవాడు కాబట్టి అమ్మను లేపడం, కడగడం వాడి పని అని ఇంట్లో గానీ ఊళ్లో గానీ ఎవరికీ తోచలేదు. నాకు కూడా తోచలేదు. ఈ మాట వాడి మీద కోపంతో రాయడం లేదు. ఇంట్లో ఒకరు మంచాన పడితే ఆడపిల్ల బాల్యమే ముందుగా ఖర్చవుతుందని అప్పుడు నాకు తెలియదని చెప్పడానికే రాస్తున్నాను.

ఇంటర్వెల్ గంట కొట్టగానే ఇంటికి పరుగెత్తేదాన్ని. అమ్మను లేపి, వెనుక దొడ్డికి తీసుకుపోయి, మళ్లీ పడుకోబెట్టి వచ్చేసరికి పాఠం సగం అయిపోయేది. ఆలస్యానికి కారణం అడిగినప్పుడు ఏమీ చెప్పేదాన్ని కాదు, తల్లిని మూత్రానికి తీసుకుపోయానని నలభై మంది పిల్లల ముందు ఎవరు చెబుతారు? గోడ వైపు తిరిగి నిలబడేదాన్ని. చాలా ఏళ్ల తర్వాత ఒక మాట తెలిసింది: నేను బడి నుంచి వచ్చేదాకా ఆపుకోలేనేమోనన్న భయంతో అమ్మ పొద్దున పూట నీళ్లే తాగేది కాదట. వడగాడ్పులు కొట్టే రోజుల్లో కూడా. దాహంగా లేదా అని నేనడిగితే ప్రతిసారీ ఒకటే జవాబు: "లేదు బిడ్డా, నువ్వు బడికి పో."

అసలు నీళ్ల సంగతి చెప్పాలి. ఒకసారి అమ్మకు జ్వరం వస్తే, చూసిన డాక్టరు కాచి చల్లార్చిన నీళ్లే తాగించమన్నారు. జ్వరం తగ్గినా ఆ మాటను నేను వదల్లేదు. మా కీళ్ల జబ్బు, మా పళ్ల మీది గోధుమరంగు చారలు నీళ్ల వల్లనే వస్తున్నాయని ఊరంతా అనుకునేది కనుక, నీళ్లు కాస్తే అమ్మ బాగుపడుతుందని నాకు నేనే లెక్క వేసుకున్నాను. ప్రతి రాత్రీ పొయ్యి మీద బోరు నీళ్లు పెట్టి, బాగా మరగాలని, సగం అయ్యేదాకా కాచేదాన్ని. ఇంటర్‌లో రసాయనశాస్త్రం చదువుతున్నప్పుడు అర్థమైంది: కాచితే సూక్ష్మజీవులు చస్తాయి కానీ, నీళ్లలో కరిగి ఉండి కీళ్లను బిగించేసే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై పోయిన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని గాఢత పెరుగుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. మా ప్రాంతపు గ్రానైట్ రాతిలోంచి బోర్లు తోడిన నీళ్లలో అంతకంటే ఎక్కువ ఉండేది. దాన్ని నేను ఏళ్ల తరబడి చిక్కబరిచి అమ్మకు తాగించాను. పటిక, సున్నం కలిపి తేర్చి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ రూపొందించిందని, దానికి పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్' అని కూడా ఆ తర్వాతే చదివాను. మా జిల్లా పేరు ప్రపంచమంతటి పుస్తకాలకు ఎక్కింది గానీ, మా పొయ్యి దగ్గరికి ఆ కబురు రాలేదు. అప్పటికే ముదిరిన ఫ్లోరోసిస్ అనే ఎముకల జబ్బు నా కాచిన నీళ్ల వల్ల ఎంత పెరిగిందో లెక్క తేలేది కాదని నాకు తెలుసు. అయినా, రోగిని చూసుకునే పని పిల్ల మీద పెట్టి, రోగం గురించి ఆ పిల్లకు ఒక్క ముక్క కూడా చెప్పకపోవడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేను.

ఊరు నన్ను బాగా మెచ్చుకునేది. "బంగారు బిడ్డ, తల్లికి తల్లి అయ్యింది" అని ఎదురుపడిన ప్రతివాళ్లూ అనేవాళ్లు. అలా అన్నవాళ్లలో ఒక్కరూ ఒక గంట వచ్చి అమ్మ దగ్గర కూర్చున్నది నాకు గుర్తు లేదు. మెప్పు వచ్చిన తర్వాత అలసిపోయానని చెప్పే దారి మూసుకుపోతుంది. బంగారు బిడ్డ విసుక్కోకూడదు కదా. నేను విసుక్కున్నాను. ఒక రాత్రి మూడోసారి పిలిచినప్పుడు మేలుకొని ఉండి కూడా కళ్లు మూసుకొని పడుకున్నాను. అమ్మ మళ్లీ పిలవలేదు, పొద్దున పక్కబట్ట మార్చేటప్పుడు కూడా ఏమీ అనలేదు. ఆమె 2012లో పోయింది. పక్క గదిలో మంచం కిర్రుమంటే ఈనాటికీ నాకు మెలకువ వస్తుంది.

ఇప్పుడు మార్పులు వచ్చాయి. 2016 ఆగస్టులో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. ఆ ఏడాదే వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. తెలంగాణలో దివ్యాంగుల ఆసరా పింఛను 2014లో 1500 రూపాయలు ఉండగా 2023లో 4016 అయింది. ఇవన్నీ కావలసినవే. కానీ వైకల్య ధ్రువీకరణ సర్టిఫికెట్‌లో వైకల్యం శాతం రాస్తారు గానీ, ఆ మనిషిని రోజూ లేపి కూర్చోబెడుతున్న పిల్ల ఏ తరగతి చదువుతున్నదో రాసే గడి దానిలో లేదు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, బడి వేళల తర్వాత పిల్లలు కుటుంబానికి సాయపడవచ్చునంటుంది. ఇంటర్వెల్‌లో పరుగెత్తే పిల్ల ఆ వాక్యంలో ఎక్కడ నిలబడుతుందో నాకు అర్థం కాదు. ఇంగ్లండులో 2014 నాటి చట్టం ప్రకారం, ఇంట్లో రోగులను చూసుకునే 18 ఏళ్లలోపు పిల్లలకు ఏ సాయం కావాలో స్థానిక సంస్థలు విచారించాలి; 2023 నుంచి అక్కడి బడుల లెక్కల్లో ఆ పిల్లలను వేరుగా నమోదు చేస్తున్నారు. అక్కడ కష్టాలు తీరిపోయాయని కాదు, ఆ పిల్లలకు కనీసం ఒక పేరు ఉంది.

మొన్న సంక్రాంతికి చండూరు దగ్గర బంధువుల ఇంటికి పోయినప్పుడు, పక్కింట్లో పక్షవాతంతో పడుకున్న ముసలాయనను పదేళ్ల మనుమడు చూసుకుంటున్నాడని చెప్పి, మా వాళ్లు "బంగారు కొండ" అన్నారు. నేను లేచి వాళ్లింటికి పోయాను. వాడు తాతను లేపబోతుంటే ఆగలేక, నా పాత పద్ధతి చూపించబోయి మోకాళ్లు పట్టుకున్నాను. వాడు నా చేతులు మెల్లగా పక్కకు తీసి, "అట్ల కాదత్తా, తాతకు ఈ దిక్కు చెయ్యి పడిపోయింది, ఆ దిక్కుకెల్లి లేపాలె" అన్నాడు. నేను పక్కకు జరిగి, నీళ్ల చెంబు అందించాను.