తీసేసిన కోచ్‌కి 2031 దాకా జీతం

ఓడిపోతున్న కోచ్‌ని ఇంటికి పంపడానికి అయిన ఖర్చు దాదాపు 7 కోట్ల 60 లక్షల డాలర్లు. ఎన్నేళ్లు డాలర్లలో బతికినా ఇలాంటి అంకె వింటే బుర్ర రూపాయల్లోకే పరిగెడుతుంది, అప్పటి రేటుకి 600 కోట్లు దాటింది. 2023 నవంబరు 12, ఆదివారం. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తన అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసింది, అదీ ముందురోజే మిసిసిపీ స్టేట్ మీద 51-10తో గెలిచాక. మా అమ్మాయికి అప్పుడక్కడ రెండో ఏడాది. ఫోన్ చేసి "అమ్మా, ఫైనల్లీ!" అని ఒక అరుపు అరిచి, ఆ తర్వాత అరగంట తిట్టింది. కోచ్‌ని కాదు, ఆ కోచ్‌కి అలాంటి కాంట్రాక్టు రాసిచ్చిన పెద్దమనుషుల్ని.

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి ఈ పిచ్చి కొత్త కాదులెండి. మాకు దగ్గర్లోని ఆలెన్‌లో హైస్కూలు పిల్లల కోసం 6 కోట్ల డాలర్లు పెట్టి 2012లో 18,000 సీట్ల స్టేడియం కట్టారు, రెండేళ్లు తిరక్కుండా కాంక్రీటు పగుళ్లిచ్చి మూసేస్తే మళ్లీ బాగుచేసి తెరిచారు. స్కూలు పిల్లల ఆటకే ఇంత అయితే కాలేజీ సంగతి చెప్పాలా. అయినా ఇక్కడ మన ఇళ్లల్లో ఫుట్‌బాల్ అంటే టీవీలో అటూ ఇటూ గుద్దుకునే ఆట, అంతే. పిల్లలు స్పెల్లింగ్ బీ, కుమాన్ లెక్కల ట్యూషన్, కూచిపూడి, శనివారం తెలుగు బడి. ఆ తర్వాత, అప్పటి లెక్కలో, క్లాసులో మొదటి ఆరు శాతంలో ఉంటే ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ, పది శాతంలో ఉంటే ఏ అండ్ ఎం. మా అమ్మాయికి రెండూ వచ్చినా కావాలని ఏ అండ్ ఎం ఉన్న కాలేజ్ స్టేషన్ ఊరికే వెళ్తానంది. మా స్నేహితుల్లో చాలామంది ఓదార్పుగా మాట్లాడారు. ఆస్టిన్ వద్దనడమేంటి అని వాళ్ల అనుమానం, సీటు రాలేదేమో, బయటికి చెప్పుకోలేకపోతున్నారేమో అని.

ఇప్పుడు ఆ కాంట్రాక్టు కథ. 2013లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీని జాతీయ చాంపియన్ చేసిన ఫిషర్‌ని 2017 డిసెంబరులో పదేళ్లకి 7 కోట్ల 50 లక్షల డాలర్లు ఇస్తామని తెచ్చుకున్నారు. మొత్తం గ్యారంటీ. అంటే మధ్యలో తీసేసినా మిగిలినదంతా ఇవ్వాల్సిందే. అంతటితో ఆగితే బాగుండేది. వచ్చీరాగానే యూనివర్సిటీ చాన్సలర్ ఆయన చేతిలో ఒక ఫలకం పెట్టారు, జాతీయ చాంపియన్ అని రాసి, ఏడాది అంకె మాత్రం ఖాళీగా వదిలేసి, నువ్వే నింపుకో అన్నట్టు. ఈ కాలేజీ చివరిసారి జాతీయ చాంపియన్ అయింది 1939లో. మా తాతయ్య కుర్రవాడిగా ఉన్న రోజులు.

2020లో జట్టు బాగా ఆడింది, ఒక్కటే ఓడి, ప్లేఆఫ్ వెంట్రుకవాసిలో తప్పిపోయింది. దాంతో 2021 సెప్టెంబరులో కాంట్రాక్టుని 2031 దాకా పొడిగించి, జీతం ఏడాదికి 90 లక్షల డాలర్లు చేశారు. అది కూడా పూర్తి గ్యారంటీ. మామూలుగా ఇలాంటి ఒప్పందాల్లో ఒక షరతు ఉంటుందట, తీసేసిన కోచ్‌కి ఇంకోచోట ఉద్యోగం దొరికితే ఆ జీతం మేరకు తగ్గించి ఇస్తారు. ఇందులో అదీ లేదు. ఆయన రేపు ఎక్కడ పనిచేసినా, అసలు పనే చేయకపోయినా, 2031 దాకా ఏడాదికి 72 లక్షల డాలర్ల చొప్పున వీళ్లు కడుతూనే ఉండాలి. మా ఆయన సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులు చదివి చదివి కళ్లద్దాల నంబరు పెంచుకున్న మనిషి, ఇది చూసి "దీని మీద సంతకం పెట్టినాయన ఎవరో గాని, నేను పెడితే సాయంత్రానికి నన్ను తీసేసేవాళ్లు" అన్నారు.

మా అమ్మ తెనాలి నుంచి వీడియో కాల్‌లో ఇదంతా విని, మనవరాలిని అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఓడిపోయినవాడికి డబ్బులెందుకే బుజ్జీ?" మా అమ్మాయి తనకొచ్చిన తెలుగులో కిందామీదా పడి వివరించింది. అమ్మ చివరిదాకా ఓపిగ్గా విని "అయితే ఇల్లరికపుటల్లుడన్న మాట, పనికి రాడు, పొమ్మంటే పరువు తక్కువ" అని తేల్చేసింది. ఆ మాట మా అమ్మాయి ఇప్పటికీ వాడుతోంది.

ఇవన్నీ తర్వాత తెలిసినవి. ఆ జట్టు ఎలా ఓడుతుందో నేను కళ్లారా చూసింది మాత్రం 2022 సెప్టెంబరు 10న, అమ్మాయి కాలేజీలో చేరిన కొత్తలో, మమ్మల్ని రమ్మంటే వెళ్లి. వాళ్ల స్టేడియం కైల్ ఫీల్డ్‌లో సీట్లు 1,02,733, ఊరి జనాభా దానికన్నా కాస్తే ఎక్కువ. ఎదుటి జట్టు అపలాచియన్ స్టేట్, చిన్న జట్టు. పెద్ద కాలేజీలు సీజన్ మొదట్లో ఇలాంటి చిన్న జట్లకి డబ్బిచ్చి మరీ పిలిపించుకుని ఆడతాయి, సొంత మైదానంలో ఒక తేలిక గెలుపు కోసం. వీళ్లకి 15 లక్షల డాలర్లు ఇచ్చారు. వాళ్లు వచ్చారు, 17-14తో గెలిచారు, చెక్కు పట్టుకుని వెళ్లారు. ఆ ఏడాది ఏ అండ్ ఎం తెచ్చుకున్న కొత్త కుర్రాళ్లు దేశంలోకెల్లా నంబర్ వన్ అని సీజన్‌కి ముందు ఊదరగొట్టారు. చివరికి లెక్క 5 గెలుపులు, 7 ఓటములు.

ఆ కాలేజీలో స్టూడెంట్లు ఆట మొత్తం నిలబడే చూస్తారు. 1922లో డాలస్‌లో ఒక మ్యాచ్‌లో ఆటగాళ్లు వరసగా గాయపడుతుంటే ప్రేక్షకుల్లోంచి ఈ. కింగ్ గిల్ అనే కుర్రాడు దిగొచ్చి, యూనిఫాం వేసుకుని, అవసరమైతే నేనున్నానని చివరిదాకా పక్కన నిలబడ్డాడట. ఆడే అవసరం రాలేదు. అప్పటి నుంచి స్టేడియంలో ఉన్న ప్రతి స్టూడెంటూ పన్నెండో ఆటగాడే, అందుకే కూర్చోరు. ఆ మధ్యాహ్నం ఎండకి బెంచీ ముట్టుకుంటే చురుక్కుమంటోంది. మా అమ్మాయి ఆ బెంచీ మీదే నిలబడి తెల్ల తువ్వాలు గిరగిరా తిప్పుతూ, గొంతు పోయి, మొహం కందిపోయి ఉంది. ఇంట్లో పది నిమిషాలు వంటగదిలో నిలబడమంటే కాళ్లు నొప్పులనే పిల్ల.

ఓడిపోయాక మా ఆయన పార్కింగ్‌లో ఇరుక్కుపోతాం పదండని తొందర పెట్టారు. అమ్మాయి కదల్లేదు. గెలిస్తే వెళ్లిపోవచ్చట, ఓడితే మాత్రం ఆగి, తర్వాతి మ్యాచ్ కోసం అరిచి వెళ్లాలట. చుట్టూ వేలమంది పిల్లలు, ఏడుపు మొహాలతో, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, వంగి, ఒకే గొంతుతో అరుస్తున్నారు. ఆ అరుపుల మధ్యలోనే మా అమ్మాయి పక్కనున్న తెల్ల అబ్బాయితో "ఆ ప్లే కాల్ చేసినవాడికి ఏడాదికి 90 లక్షలా" అని కోచ్‌ని ఉతికి ఆరేస్తోంది. అతనెవరో ఆ పూటకి ముందు తనకి తెలియదు. (మ్యాచ్ ముందురోజు అర్ధరాత్రి కూడా ఇలా అరవడానికే చేరతారు. అక్కడ దీపాలన్నీ ఆర్పేసి జంటలు ముద్దులు పెట్టుకునే సంప్రదాయం కూడా ఉందని నాకు వేరేవాళ్ల వల్ల తెలిసింది. మా అమ్మాయి చెప్పిన వెర్షన్‌లో దీపాలు ఆర్పడం వరకే ఉంది.)

ఇన్నేళ్లుగా ఈ దేశంలో ఉన్నాం, నేను గాని మా ఆయన గాని ఇక్కడి దేన్నీ బయటికి గట్టిగా తిట్టి ఎరగం. స్కూలు బాగుంది, రోడ్లు బాగున్నాయి, ఆఫీసు బాగుంది. బాగోలేనివి ఇంట్లో తలుపులేసుకుని మాట్లాడుకుంటాం, అదీ తెలుగులో. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి, గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లకేళ్లు నిలబడ్డవాళ్లకి అలవాటైపోయే జాగ్రత్త అది. ఫిషర్‌ని తీసేసిన ఆ చలికాలంలోనే మా ఆయన కంపెనీలో లేఆఫ్‌ల పుకార్లు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. కోచ్ కాంట్రాక్టులోనూ ఒక 60 రోజులుంది, ఆ గడువులోగా మొదటి వాయిదా 1 కోటి 92 లక్షల డాలర్లు ఆయన చేతిలో పెట్టాలి. మా ఆయన ఆ వార్త చదివి ఫోన్ నాకిచ్చి, ఏమీ అనకుండా కాఫీ పెట్టుకోడానికి లేచారు.

అదే ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల, ఈ దేశపు పౌరురాలు, యూనివర్సిటీ బోర్డు పెద్దల్ని తన జీతగాళ్లయినట్టు నిలదీస్తుంది. మొదట్లో నాకు భయం వేసేది, మెల్లగా మాట్లాడవే అనేదాన్ని. ఇప్పుడు అనను. నాకు కాస్త అసూయ కూడా ఉంది, దాచుకోవడం దేనికి. సన్‌రైజర్స్ వాళ్లు 2021లో వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి తీసి పక్కన కూర్చోబెట్టినప్పుడు మా ఆయన ఈ టెక్సస్‌లో కూర్చుని సరిగ్గా ఇదే గొంతుతో హైదరాబాద్ మేనేజ్‌మెంట్‌ని దులిపేశారు. ఆయన గొంతు ఇంకా అక్కడే ఉంది, తన గొంతు ఇక్కడ ఉంది.

డబ్బు విషయంలో మాత్రం మా ఇద్దరికీ పడదు. నువ్వు కట్టే ఫీజులోంచి కాదమ్మా అంటుంది, నిజమే. అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ ఆదాయం, ట్వెల్త్ మ్యాన్ ఫౌండేషన్ అనే సంస్థకి డోనర్లు ఇచ్చిన విరాళాలు, వాటితోనే కడతామని యూనివర్సిటీ ప్రకటించింది. అయినా ఇచ్చే చేతులు అవే కదా, ఆ చేతులు ల్యాబ్‌కో లైబ్రరీకో ఇవ్వకూడదా అంటాను. స్టేడియం పునర్నిర్మాణానికే 45 కోట్ల డాలర్లకు పైగా పోశారు. దానికి తన దగ్గరున్న జవాబు, ఫుట్‌బాల్ లేకపోతే ఆ డబ్బు అసలు ఈ ఊరికే రాదని. ఈ వాదనలో సగం నిజముంది, ఆ సగమే చిరాకు.

నేను అడిగితే తను కాసేపు ఆగింది ఒక్క చోటే. మైదానంలో మోకాళ్లు విరగ్గొట్టుకునేది ఎవరు? కుర్రాళ్లు. 2021 జులై దాకా వాళ్ల పేరు మీద ఒక ప్రకటన డబ్బు తీసుకున్నా తప్పే. కాలేజీలు నేరుగా వాళ్లకి వాటా ఇవ్వడం 2025 జులైలో గాని మొదలు కాలేదు, అదీ కోర్టు సెటిల్‌మెంట్ పుణ్యాన, అన్ని ఆటలకీ కలిపి ఒక్కో కాలేజీ మొదటి ఏడాదికి గరిష్ఠంగా 2 కోట్ల 5 లక్షల డాలర్లు. వందలమంది ఆటగాళ్లకి కలిపి ఏడాదికి ఇవ్వగలిగింది, ఇంటికి వెళ్లిపోయిన ఒక్క మనిషికి ఇచ్చిన మొదటి వాయిదా కన్నా కాస్తే ఎక్కువ.

ఫిషర్ తర్వాత మైక్ ఎల్కో వచ్చారు. 2024లో పదమూడేళ్ల తర్వాత ఆస్టిన్ వాళ్లతో మళ్లీ మ్యాచ్. మా తోటికోడలి కొడుకు ఆస్టిన్‌లో చదువుతాడు, థాంక్స్‌గివింగ్‌కి రెండు కుటుంబాలూ మా ఇంట్లోనే. 17-7తో ఓడాక మా అమ్మాయి గుత్తి వంకాయ ముట్టలేదు, వాడు రెండుసార్లు వేయించుకున్నాడు. 2025లో సీన్ మారింది, వరసగా 11 గెలిచారు. అక్టోబరులో వీళ్ల చేతిలో పక్క రాష్ట్రం లూసియానా వాళ్ల ఎల్‌ఎస్‌యూ 49-25తో చిత్తయిన మర్నాడే ఆ కాలేజీ తన కోచ్ బ్రయన్ కెల్లీని తీసేసింది, ఆయన కాంట్రాక్టులోనూ 5 కోట్ల డాలర్లకు పైనే బాకీ. మా అమ్మాయి ఆ రోజు పండగ చేసుకుంది. తమ జబ్బు పక్కింటికి అంటుకుందని దాని ఆనందం.

కానీ నవంబరులో ఎల్కోకి ఆరేళ్ల కొత్త కాంట్రాక్టు, ఏడాదికి కోటి డాలర్లు దాటిన జీతం అనగానే ఇంట్లో అందరం మొహమొహాలు చూసుకున్నాం. ఇంకా ఏ టైటిలూ గెలవలేదు, ఒక మంచి సీజన్ మధ్యలో సంతకాలు, 2021లో జరిగిందీ దాదాపు ఇదే కదా. ఆ తర్వాత ఆస్టిన్‌లో ఓటమి, డిసెంబరులో సొంత మైదానంలో మయామి యూనివర్సిటీ చేతిలో 10-3తో ప్లేఆఫ్ మొదటి మెట్టు మీదే బోల్తా. ఎల్కో బాగానే చేశాడమ్మా, ఫిషర్‌తో పోల్చకు అని నామీద విరుచుకుపడింది. కోచ్‌ని నేను ఒక్క మాటంటే ఊరుకోదు, తను మాత్రం పొద్దస్తమానం అంటుంది.

మే నెలలో డిగ్రీ చేతికొస్తుంది, హ్యూస్టన్‌లో ఉద్యోగం ఖాయమైంది. మొన్న మెల్లగా కదిపింది, సీజన్ టికెట్లు తీసుకుంటానని. మంచి సీటు కావాలంటే ముందు ఆ ఫౌండేషన్‌కే విరాళం కట్టాలి. అంటే నీ జీతంలోంచి జింబో ఫిషర్‌కి పంపిస్తావన్న మాట అన్నాను. "2031 దాకానే కదమ్మా" అంది. మొదటి జీతంలో కొంత తిరుమల హుండీలో వేయిస్తానని నేనెప్పుడో మొక్కుకున్నాను. ఏది ముందన్నది ఇంకా తేలలేదు. వాళ్ల నాన్నని తీర్పు చెప్పమంటే, నాకూ పక్కన ఒక సీటు చూడవే అంటున్నారు.