అగత్తి ద్వీపానికి ప్రవేశానుమతి: నా అనుభవం

అగత్తి ఉన్న లక్షద్వీప్ మన దేశంలోనిదే అయినా, టిక్కెట్టు కొనుక్కుని నేరుగా బయలుదేరడానికి వీలులేదు. అక్కడి స్థానికుల్లో అత్యధికులు షెడ్యూల్డు తెగలకు చెందినవారు కాబట్టి, 1967లో చేసిన నిబంధనల ప్రకారం బయటివారు ముందుగా ప్రవేశానుమతి తీసుకోవాలి. మొత్తం 36 దీవుల్లో జనావాసం ఉన్నవి 10 మాత్రమేననీ, భూమి అంతా కలిపినా 32 చదరపు కిలోమీటర్లేననీ తెలిశాక ఈ కట్టుబాటు నాకు అతిగా తోచలేదు.

మొదట కావలసింది నా మీద కేసులేవీ లేవని మా ఊరి పోలీసులిచ్చే ధ్రువపత్రం. లక్షద్వీప్ అనగానే పోలీసు స్టేషన్లోని ఉద్యోగి, ‘విదేశమా?’ అని అడిగారు. కాదని నచ్చజెప్పడానికి కొంతసేపు, సంతకం పడడానికి రెండు వారాలు పట్టింది. ఆ తరువాత ఫొటోలు, గుర్తింపు కార్డు ప్రతులు, అన్నిటికంటే ముఖ్యంగా ఒక స్పాన్సరు కావలసివచ్చాయి. స్పాన్సరంటే ఖర్చు భరించేవాడని అనుకునేవాణ్ణి. ఇక్కడ మాత్రం ఆ మాటకు అర్థం, మన నడతకు పూచీపడే స్థానికుడు. మేము బస చేయబోయే ఇంటాయనే మాకు పూచీపడ్డారు.

దరఖాస్తులో నేనొక పొరపాటు చేశాను. వెళ్లదలచిన ద్వీపాల గడిలో అగత్తి ఒక్కటే రాశాను. అనుమతి అందులో పేర్కొన్న ద్వీపాలకే చెల్లుతుంది కనుక, మరో ద్వీపమైన కవరత్తిలోని ఉజ్రా మసీదు చెక్కపనిని చూసే అవకాశం చేజారింది. వెళ్లేవారు ఆ గడిని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

కొచ్చి నుంచి ఓడలు కూడా ఉన్నాయి గాని, మేము గంటన్నర ప్రయాణమైన చిన్న విమానాన్నే ఎంచుకున్నాము. దిగగానే పోలీసులు అనుమతి పత్రం చూశారు.

బంగారం అనే పేరుగల దీవిలోని రిసార్టును మినహాయిస్తే మద్యం నిషిద్ధం. ఊళ్లో స్త్రీలైనా పురుషులైనా ఒళ్లు కప్పుకునే బట్టలతోనే తిరగాలి. ఈత దుస్తులు పర్యాటకులకు కేటాయించిన తీరానికే పరిమితం. స్త్రీలను అడగకుండా ఫొటో తీయరాదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ దుకాణాలు మూసి ఉంటాయి, అప్పుడు తలుపులు తట్టకూడదు. కింద పడిన కొబ్బరికాయకు కూడా యజమాని ఉంటాడు. స్థానికులు మాట్లాడుకునేది జెసరి అనే మలయాళ మాండలికం. నాకు వచ్చిన నాలుగు మలయాళం ముక్కలతో, మిగతాది హిందీతో నెట్టుకొచ్చాను.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇంటి వ్యవస్థ. వీరు ముస్లిములు, అయినా సంప్రదాయంగా తరవాడు, అంటే ఉమ్మడి కుటుంబపు, ఆస్తి తల్లి వైపు నుంచి సంక్రమిస్తుంది. దీన్ని మన ఇల్లరికంతో పోల్చబోయాను గాని అది సరికాదు. పాత పద్ధతిలో భర్త తన తల్లి ఇంటి మనిషిగానే ఉండి, రాత్రిళ్లు భార్య ఇంటికి వెళ్లేవాడట. కాబట్టి మాకు పూచీపడింది ఆయనే అయినా, వంటింట్లోకి రానివ్వాలా వద్దా అన్నది వాళ్లమ్మగారి నిర్ణయం.

స్నానానికి ఒక బకెట్టు చాలునని ఆమె మొదటి రోజే చెప్పారు. పగడపు ఇసుక కింద ఉప్పునీటి మీద పలుచగా తేలుతూ నిలిచే వాననీరే బావుల్లోకి ఊరుతుంది, ఎక్కువగా తోడితే ఉప్పు పైకి వస్తుంది. కవరత్తిలో 2005 నుంచే సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే ప్లాంటు ఉన్నా, ఇళ్లలో పొదుపు అలవాటు పోలేదు.

నాలుగో రోజు తీరంలో ఒక తెల్లని పగడపు ముక్కను జేబులో వేసుకున్నాను. చచ్చినదే కదా అన్నాను. అదీ తీసుకెళ్లరాదనీ, చట్టప్రకారం నేరమనీ చెప్పి, ఇంటాయన దాన్ని నాచేతనే నీళ్లలో వేయించారు. తప్పు నాదైనా, జవాబు చెప్పుకోవలసింది ఆయన కూడాను. తిరుగు ప్రయాణంలో సంచి తనిఖీ చేసినప్పుడు బట్టలు కాక అందులో బయటపడినది, ఆ పెద్దావిడ కట్టిచ్చిన ఎండు ట్యూనా చేపల పొట్లం ఒక్కటే.