అమ్మమ్మ జపమాల

పంపకాల్లో అమ్మమ్మ జపమాల ఇవాళ నా చేతికొచ్చింది. 59 పూసల్లో ఒకటి తేడాగా తగిలింది. చూస్తే చొక్కా గుండీ! పోయిన పూస చోట ఎప్పుడో కుట్టేసింది. మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం ఆ గుండీ మీద కూడా ఏ అడ్డూ లేకుండా సాగిపోయేదన్నమాట.

ఆమె చిన్నతనంలో కతోలిక చర్చిలో పూజ లాటిన్‌లో జరిగేది. అర్థం తెలియకపోయినా జవాబులన్నీ కంఠతా వచ్చు. కతోలిక బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ (1962–65) తర్వాత పూజ మన భాషలోకి వచ్చింది, ఫాదర్ జనం వైపు తిరిగారు. అన్నింటికీ సరేనంది. 2002లో రెండవ జాన్ పాల్ పోపు గారు జపమాలలో ధ్యానించే యేసు జీవిత ఘట్టాలకు కొత్తగా వెలుగు దేవరహస్యాలు చేర్చినప్పుడు మాత్రం పేచీ పెట్టింది. "ఈ వయసులో మళ్లీ పాఠాలా?" అని సణుగుతూనే నేర్చేసుకుంది. ఇక ప్రతి గురువారం మా చేత అప్పజెప్పించడమే పని.

భక్తిపరులు మెత్తగా ఉంటారనుకునేవాళ్లు ఆమెను చూడలేదు. కళ్లు మూసుకుని జపిస్తూనే, కునికిపాట్లు పడేవాణ్ని పేరు పెట్టి పిలిచేది.

చివర్లో పిల్లలు, మనవలు, మునిమనవల పేర్లన్నీ దేవుడికి వరసగా చెప్పేది. ఆ రోజు ఎవరితో గొడవపడిందో వాళ్ల పేరు అందరికన్నా ముందు. అది ప్రార్థనో ఫిర్యాదో మాలో ఎవరికీ ఇప్పటికీ తేలలేదు.