గడ్డివాము అంటుకున్న రోజు

నిన్న ఏప్రిల్ 14. మావాడిని వెంటబెట్టుకుని మా ఊరి ఫైర్ స్టేషన్‌కు వెళ్లాను. 1944లో ఇదే రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ఓడ పేలి, మంటలార్పుతున్న సిబ్బంది ఎందరో చనిపోయారు. అగ్నిమాపక వారోత్సవాలు వారి జ్ఞాపకార్థమే.

ఇక్కడి స్టేషన్ ఆఫీసర్ గారు ఫైర్‌మన్‌గా చేరి, లీడింగ్ ఫైర్‌మన్ అయి, పదోన్నతి మీద ఈ కుర్చీ దాకా వచ్చారు. ఎన్నేళ్లు పట్టిందని అడిగితే నవ్వి, "నా జుట్టు చూడండి" అన్నారు.

అంతలో 101కి ఫోను. గడ్డివాము అంటుకుందట. ఆయన కేకలు వేయలేదు, హడావుడి పడలేదు. డ్రైవరుతో "చెరువుగట్టు దారి వద్దు, ఇరుకు" అని బండి ఎక్కేశారు. ఏ సందులో బండి తిరుగుతుందో, ఎండాకాలంలో ఏ బావిలో నీళ్లుంటాయో ఆయనకు కంఠతా వచ్చు. (మా వీధిలో తిరగదు. అరుగులు రోడ్డు మీదికి జరిపినవాళ్లలో మేమూ ఉన్నాం.)

మధ్యాహ్నానికి తిరిగొచ్చారు, మొహమంతా మసి. తడిసిన గొట్టాలను ఎండలో పరిపించి, కుర్రవాళ్లందరికీ మజ్జిగ అందాక తన గ్లాసు తీసుకున్నారు.

సాయంత్రం నుంచి మావాడు మా అరుగు పొడవు టేపుతో కొలుస్తున్నాడు.